ఢీకొట్టిన వాహనం బీమా ఎవరి కోసం?

సంపాదకుల వారికి,

నమస్కారం.

నాలుగున్నర నెలల క్రితం ఒక ఉదయం, సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడి ఆగి ఉన్న నా కారును వెనుక నుంచి మరో కారు వచ్చి గుద్దింది. లోపల నేనొక్కడినే ఉన్నాను. సీటు బెల్టు పెట్టుకుని ఉన్నందువల్ల మెడ పట్టేయడం తప్ప దెబ్బలేమీ తగల్లేదు. దిగి చూస్తే వెనుక బంపర్ మధ్యలో చీలి వేలాడుతోంది, డిక్కీ తలుపు లోపలికి నొక్కుకుపోయింది, ఎడమవైపు లైటు పగిలింది, వెనుక అద్దం గవ్వలు గవ్వలుగా రాలి సీటు మీద పడింది. గుద్దిన కారు నడుపుతున్న యువకుడు మర్యాదస్తుడే. వెంటనే దిగి వచ్చి, తన తప్పేనని నలుగురి ముందూ ఒప్పుకున్నాడు. నష్టం సంగతి ఎత్తేసరికి మాత్రం, "సార్, మీకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, క్లెయిమ్ చేసుకోండి సార్" అన్నాడు. ఆ మాటలో దురుద్దేశం లేదు. పద్ధతి అదేనని అతను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. నేను కూడా ఆ రోజు వరకు అలాగే నమ్మాను. చుట్టూ చేరినవారిలో ఒక్కరు కూడా "నీ బీమా ఉంది కదా, దాని నుంచి ఇప్పించు" అని అతనితో అనలేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా ఏ వాహనమూ రోడ్డెక్కకూడదు. ఎక్కితే 2019 సవరణ తర్వాత మొదటిసారి రూ. 2,000, మళ్లీ దొరికితే రూ. 4,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇంత గట్టిగా బీమాను తప్పనిసరి చేసింది వాహన యజమాని బాగు కోసం కాదు, అతని వాహనం వల్ల నష్టపోయే మూడో మనిషి కోసం. ఆ నష్టంలో ప్రాణనష్టం, గాయాలతో పాటు ఆస్తి నష్టం కూడా ఉంది. మన దేశంలో కార్లకు ఇచ్చే సాధారణ పాలసీలో మూడో మనిషి ఆస్తికి జరిగిన నష్టం కింద రూ. 7,50,000 వరకు, ద్విచక్ర వాహనాల పాలసీలో లక్ష రూపాయల వరకు చెల్లించే బాధ్యతను బీమా సంస్థ తీసుకుంటుంది. ప్రీమియంలో కొద్దిపాటి తగ్గింపు కోసం ఈ పరిమితిని రూ. 6,000కు కుదించుకునే వీలు ఒకటుంది. ఏజెంటు చెప్పాడని అక్కడ టిక్కు పెట్టేసే వారు దాని అర్థం తెలుసుకోవాలి: ఎదుటివాడి కారుకు యాభై వేల నష్టం చేస్తే అందులో నలభై నాలుగు వేలు మన జేబులోంచే పోతాయి.

నన్ను గుద్దిన కారు కొని రెండేళ్లు కూడా కాలేదు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమాను ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి అయింది కాబట్టి, దానికి బీమా ఉండి తీరాలి. అక్కడే నిలబడి ఫోన్‌లోని ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఆ కారు నంబరు కొట్టి చూశాను. బీమా సంస్థ పేరు, గడువు తేదీ కనిపించాయి. గడువు ఇంకా ఏడాదికి పైగా ఉంది. అంటే తప్పు చేసిన మనిషి ఎదురుగా ఉన్నాడు, తప్పు ఒప్పుకున్నాడు, అతని పాలసీ అమల్లో ఉంది, నా నష్టం ఆ పాలసీ పరిమితిలో పదో వంతు కూడా లేదు. అన్నీ ఇంత స్పష్టంగా ఉన్న కేసులోనే నాకు ఆ పాలసీ నుంచి ఒక్క రూపాయి రాకపోతే, తప్పెవరిదో తేలని కేసుల్లో ఇరుక్కున్నవారి పరిస్థితి ఏమిటో పాఠకులు ఊహించుకోగలరు.

మర్నాడు ఆ బీమా సంస్థ కార్యాలయానికి ఫొటోలు, ఎస్టిమేటు, ఆర్‌సీ నకలు పట్టుకుని వెళ్లాను. కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగి నా పాలసీ నంబరు అడిగారు. నాది కాదు, నన్ను గుద్దిన కారుది మీ దగ్గర ఉంది అని చెప్పాను. "మీరు మా కస్టమర్ కాదు కదండీ. మీ కంపెనీలో ఓన్ డ్యామేజ్ (సొంత వాహన నష్టం) క్లెయిమ్ వేసుకోండి, లేదంటే కోర్టు నుంచి ఆర్డరు తెచ్చుకోండి" అన్నారు. కాగితాలు తీసుకుని అందినట్టు ముద్ర వేసి ఇవ్వమన్నాను, అందుకు కూడా ఒప్పుకోలేదు. ఆ ఉద్యోగిని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి కాగితాన్ని తీసుకునే ఏర్పాటు ఆ కార్యాలయంలో అసలు లేదు. ఆ తర్వాత సంప్రదించిన న్యాయవాది, నష్టం యాభై వేలే కనుక మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌కు వెళితే కేసు తేలేసరికి తిరుగుళ్లకు, ఫీజులకు అయ్యే ఖర్చు కూడా లెక్క చూసుకోమని నిజాయితీగా సలహా ఇచ్చారు. డిక్కీ తలుపును తాడుతో కట్టి, వెనుక అద్దం ఉండాల్సిన చోట ప్లాస్టిక్ పట్టా అతికించి తిరుగుతున్న కారును ఎన్నాళ్లని అలా ఉంచగలను? చివరకు నా బీమా సంస్థలోనే క్లెయిమ్ వేశాను.

నా బీమా సంస్థ మీద నాకు ఫిర్యాదు లేదు. సొంత పాలసీదారు విషయంలో నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ అందిన 24 గంటల్లో నష్టాన్ని లెక్కగట్టే సర్వేయర్‌ను నియమించాలి, అతను 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, నివేదిక అందిన 7 రోజుల్లో సంస్థ నిర్ణయం చెప్పాలి. నా విషయంలో ఇవన్నీ జరిగాయి. సర్వేయర్ వచ్చి వంగి చూసి, విరిగిన క్లిప్పుల వరకు ఫొటోలు తీసుకున్నారు. మూడు వారాల్లో కారు ఇంటికి వచ్చింది. చేయదలచుకుంటే ఈ పని ఎంత చక్కగా జరుగుతుందో స్వయంగా చూశాను కనుకనే, ఇదే పనిని ఎదుటివారి బీమా సంస్థ ఎందుకు చేయదన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

బిల్లును కొంచెం వివరంగా చెప్పాలి. "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా" అనే మాటలో ఎంత పొరపాటు ఉందో బిల్లు చూస్తేనే అర్థమవుతుంది. నా కారు వయసు నాలుగేళ్లు దాటింది, ఇంజను 1,200 సీసీ. మొత్తం బిల్లు రూ. 52,000. అందులో బంపర్ రూ. 8,000. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగు కింద సగం కోత, కాబట్టి రూ. 4,000 నావి. పగిలిన లైటు రూ. 6,000. దాన్ని కూడా ప్లాస్టిక్ లెక్కలోనే వేశారు, రూ. 3,000 నావి. డిక్కీ తలుపు రూ. 16,000. లోహపు భాగాలకు కోత వాహనం వయసును బట్టి పెరుగుతుంది, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 35 శాతం, అంటే రూ. 5,600 నావి. పెయింటింగ్ రూ. 12,000. అందులో నాలుగో వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం తగ్గిస్తారు, అలా మరో రూ. 1,500. అద్దం రూ. 5,000, టింకరింగ్ కూలీ రూ. 5,000. ఈ రెండింటికీ కోత లేదు. ఇవి కాక 1,500 సీసీ లోపు కార్లకు ప్రతి క్లెయిమ్‌లోనూ యజమాని భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు రూ. 1,000. అన్నీ కలిపితే నేను కట్టింది రూ. 15,100, సంస్థ ఇచ్చింది రూ. 36,900.

అయితే నష్టం అక్కడితో ఆగలేదు. నాలుగేళ్లుగా ఒక్క క్లెయిమ్ కూడా వేయలేదు కనుక నాకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 45 శాతం తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, వస్తోంది. ఈ ఏడాది కూడా అలాగే గడిచి ఉంటే వచ్చే రెన్యూవల్‌కు అది గరిష్ఠమైన 50 శాతానికి చేరేది. ఇప్పుడు అది సున్నా అయింది. మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరాలంటే ఐదేళ్లు పడుతుంది. బోనస్ తీసివేయక ముందు నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం దాదాపు రూ. 9,000. అది మారదనుకుని లెక్క వేస్తే మొదటి ఏడాది రూ. 4,500, రెండో ఏడాది రూ. 2,700, మూడో ఏడాది రూ. 2,250, నాలుగో ఏడాది రూ. 1,350, ఐదో ఏడాది రూ. 450, మొత్తం రూ. 11,250 నేను అదనంగా కట్టాలి. దీన్ని ముందు కట్టిన రూ. 15,100కు కలిపితే రూ. 26,350 అవుతుంది. ఎర్రలైటు దగ్గర కదలకుండా నిలబడి ఉన్నందుకు జరిగిన నష్టంలో సగానికి పైగా నేనే భరిస్తున్నాను. తరుగు కోత లేని జీరో డెప్రిసియేషన్ పాలసీ తీసుకుని ఉండాల్సిందని మిత్రులు అన్నారు. నిజమే, కానీ దానికి అదనపు ప్రీమియం కట్టాలి. ఇతరుల పొరపాటు నుంచి నన్ను నేను కాపాడుకోవడానికి నేనే మరికొంత కట్టుకోవడమని ఆ సలహాకు అర్థం.

అందరూ తెలుసుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. నో క్లెయిమ్ బోనస్ పోయేది ఓన్ డ్యామేజ్ విభాగంలో క్లెయిమ్ వేసినప్పుడే. ఒకరి కారును గుద్దినవారి పాలసీ మీద థర్డ్ పార్టీ క్లెయిమ్ వచ్చినా, వారు తమ సొంత కారు మరమ్మతుకు క్లెయిమ్ వేసుకోనంత వరకు వారి బోనస్‌కు ఏ ఢోకా ఉండదు. ప్రమాదం జరిగిన చోట చాలామంది తమ పాలసీ వివరాలు ఇవ్వడానికి వెనుకాడేది, పోలీసు రిపోర్టు వద్దని బతిమాలేది బోనస్ పోతుందన్న భయంతోనే. ఆ భయానికి ఆధారం లేదు. గుద్దినవారి బోనస్ భద్రంగా ఉంటుంది, తప్పు లేకపోయినా సొంత పాలసీని వాడుకున్నవారి బోనస్ పోతుంది. ఏజెంట్లు పాలసీ అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పినా రోడ్డు మీద జరిగే వాదనల్లో చాలా భాగం తగ్గుతుంది.

నా బీమా సంస్థ నాకిచ్చిన రూ. 36,900ను తప్పు చేసిన పక్షం నుంచి రాబట్టుకునే హక్కు దానికి ఉంది. పరిహారం చెల్లించిన సంస్థ పాలసీదారు స్థానంలో నిలబడి వసూలు చేసుకోవచ్చన్నది బీమా న్యాయంలో పాత సూత్రమే. అయితే సాధారణ బీమా సంస్థల మధ్య "నాక్ ఫర్ నాక్" అనే అవగాహన ఉంది. బీమా ఉన్న రెండు కార్లు గుద్దుకుంటే, తప్పు ఎవరిదైనా, ఎవరి పాలసీదారు కారును వారే బాగు చేయించుకుని, ఒకరి నుంచి ఒకరు వసూలు చేసుకోకుండా ఉంటారు. సంస్థల వైపు నుంచి చూస్తే ఇది సబబైన ఏర్పాటే. వేలాది క్లెయిమ్‌లలో ఈరోజు ఒకరికి పోయింది రేపు ఇంకొకరికి కలిసి వస్తుంది, కోర్టు ఖర్చులు మిగులుతాయి. అయితే ఆ సర్దుబాటులో నేను కట్టిన రూ. 15,100 లేవు, నా బోనస్ లేదు. ఒక పాలసీదారుకు ఇలాంటి ప్రమాదం జీవితంలో ఒకటో రెండో సార్లు జరుగుతుంది. అతనికి పోయిన డబ్బు మరో ఏడాది మరో చోట కలిసి రాదు. సంస్థలు తమ సౌకర్యం కోసం చేసుకున్న ఏర్పాటు భారం ఇలా పాలసీదారు మీద మిగిలిపోతోంది.

నాకైతే సమగ్ర పాలసీ ఉంది కనుక మూడింట రెండు వంతులకు పైగా డబ్బు వెంటనే అందింది. పదేళ్లు దాటిన కారుకు, జీవనాధారమైన పాత వాహనానికి కేవలం థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే తీసుకున్నవారి మాటేమిటి? వారికి ఓన్ డ్యామేజ్ అనే మాటే లేదు. ఇతరులు వారి వాహనాన్ని నుజ్జు చేస్తే, ఆ ఇతరుల బీమా ఒక్కటే వారికి దిక్కు. చట్టం ఆ బీమాను తప్పనిసరి చేసిందే వారి కోసం. 1,000 నుంచి 1,500 సీసీ కారు యజమాని దగ్గర ఏటా థర్డ్ పార్టీ ప్రీమియంగా 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రూ. 3,416ను బీమా సంస్థలు వసూలు చేస్తున్నాయి. ఆ ప్రీమియంతో తాము తలకెత్తుకున్న బాధ్యతలో ఆస్తి నష్టం కూడా ఉందన్న సంగతి కౌంటర్‌లో కాగితం తీసుకునేటప్పుడు ఎందుకు గుర్తుకు రాదో వివరణ ఇవ్వాలి.

ట్రైబ్యునల్ దారి మూసుకుపోయి ఏమీ లేదు. చట్టంలోని 165వ సెక్షన్ ప్రకారం ఏర్పాటైన మోటారు ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌కు గాయాలు, మరణాల కేసులతో పాటు మూడో పక్షం ఆస్తి నష్టం కేసులను విచారించే అధికారం కూడా ఉంది. ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితుడు నివసించే చోట కూడా దరఖాస్తు వేయవచ్చు. డ్రైవరును, యజమానిని, బీమా సంస్థను ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దీనికి ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువు పెట్టింది. ఈ గడువు సంగతి తెలియక, ఎదుటి పక్షం "చూద్దాం, ఇస్తాం" అంటూ గడుపుతుంటే ఎదురుచూసి నష్టపోతున్నవారు ఉన్నారు. ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు తీసుకోవడం కుదరదన్నది కూడా గుర్తుంచుకోవాలి. నేను అడగదలచుకున్నది నా సంస్థ ఇవ్వని భాగాన్ని మాత్రమే.

నిజానికి అదే సవరణ ట్రైబ్యునల్ దాకా వెళ్లి పోట్లాడాల్సిన అవసరాన్ని తగ్గించే దారిని కూడా చూపింది. కొత్త 149వ సెక్షన్ ప్రకారం, ప్రమాదం గురించి బాధితుడి నుంచి గానీ మరో విధంగా గానీ సమాచారం అందగానే బీమా సంస్థ ఆ క్లెయిమ్ పరిష్కారానికి ఒక అధికారిని నియమించాలి. ఆ అధికారి 30 రోజుల్లో ఇంత ఇస్తామని బాధితుడికి ప్రతిపాదన చేయవచ్చు. బాధితుడు ఒప్పుకుంటే ట్రైబ్యునల్ ఆ రాజీని నమోదు చేస్తుంది, ఆపై గరిష్ఠంగా 30 రోజుల్లో సొమ్ము చెల్లించాలి. ఈ సెక్షన్‌ను నేను ఒకటికి నాలుగుసార్లు చదివాను. ఇది గాయాలకే గాని ఆస్తి నష్టానికి కాదన్న మాట అందులో ఎక్కడా కనపడలేదు. కౌంటర్‌లో "కోర్టు ఆర్డరు తెచ్చుకోండి" అన్న ఉద్యోగికి తమ సంస్థలో ఆ అధికారి ఎవరో తెలియదు. టోల్‌ఫ్రీ నంబరులో మాట్లాడినవారికీ తెలియదు.

ఇలా తిప్పి పంపితే ఎవరికి చెప్పుకోవాలన్నది మరో చిక్కు. సొంత బీమా సంస్థ అన్యాయం చేస్తే పాలసీదారు ముందు సంస్థకు రాసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఖర్చేమీ లేకుండా ఫిర్యాదులు విచారించే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2023 నవంబర్ నుంచి అక్కడ రూ. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. అది మంచి వ్యవస్థ. అయితే ఆ తలుపు పాలసీదారుకు, అతని వారసులు, నామినీల వంటి వారికి మాత్రమే తెరుచుకుంటుంది. నన్ను గుద్దిన కారు బీమా సంస్థ దృష్టిలో నేను పాలసీదారును కాను కనుక అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లలేను, వినియోగదారుడిని కాను కనుక వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లలేను. తప్పనిసరి బీమా ఎవరి కోసం పుట్టిందో ఆ మనిషికే ఫిర్యాదు చేసుకునే చోటు లేదు.

పోలీసుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కనుక "మీలో మీరు చూసుకోండి" అని స్టేషన్‌లో రెండుసార్లు పంపించేశారు. వారి పని ఒత్తిడి నాకు తెలుసు. అయితే స్టేషన్ రోజువారీ నమోదు పుస్తకమైన జనరల్ డైరీలో రాసి నకలు ఇవ్వడం పది నిమిషాల పని. ఆ కాగితం లేకపోతే రేపు ట్రైబ్యునల్‌లో ప్రమాదం జరిగిందని రుజువు చేయడమే కష్టమవుతుంది. పరిహారానికి అర్హుడినని చెప్పుకునే వ్యక్తి అడిగితే ప్రమాదానికి కారణమైన వాహనం వివరాలు, దాన్ని వాడుతున్నవారి పేరు, చిరునామా ఇవ్వాల్సిన బాధ్యతను 160వ సెక్షన్ పోలీసుల మీద, రిజిస్టరింగ్ అధికారి మీద పెట్టింది. ఈ సెక్షన్ నంబరు రాసి అర్జీ ఇచ్చాకే మూడోసారి నాకు నకలు దొరికింది.

ఇన్నాళ్ల తిరుగుళ్లలో నేను నేర్చుకున్నవి ఇలాంటి ఇబ్బందిలో పడబోయే మరొకరికి పనికి వస్తాయని రాస్తున్నాను. ట్రాఫిక్ ఆగిపోతోందని వెనుకవారు హారన్ కొడుతున్నా సరే, కార్లను పక్కకు జరపకముందే రెండు నంబరు ప్లేట్లు, రోడ్డు మీద గీతలు, సిగ్నల్ స్తంభం ఒకే ఫొటోలో పడేలా దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి కొన్ని తీసుకోవాలి. దూరం నుంచి తీసిన ఆ ఒక్క ఫొటోయే అన్నింటికంటే విలువైనది. ఎవరు ఎక్కడ ఆగి ఉన్నారో, ఎవరు ఎటు నుంచి వచ్చారో అది చెబుతుంది. పక్క దుకాణం సీసీ కెమెరా రికార్డును ఆ రోజే అడగాలి, కొన్ని రోజుల్లో పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. నేను వారం తర్వాత వెళ్లి పోగొట్టుకున్నాను. అక్కడికక్కడ రెండు మూడు వేలు చేతిలో పెట్టి ఇక ఏ బాకీ లేదని రాయించుకునేవారు ఉంటారు. బంపర్ వెనుక ఏం వంగిందో షెడ్డులో విప్పితే గాని తెలియదు, అప్పటిదాకా సంతకం చేయకూడదు. ఎదుటివారి మీద క్లెయిమ్ వేయాలనుకున్నా మన బీమా సంస్థకు వెంటనే తెలియజేయాలి. విరిగిన భాగాలను, అసలు బిల్లులను పారేయకూడదు. ఎదుటి యజమానికి, అతని బీమా సంస్థకు రాతపూర్వకంగా నోటీసు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. నోటిమాటగా చెప్పింది ఏ కార్యాలయంలోనూ నిలబడదని మూడుసార్లు తిరిగాక నాకు తెలిసింది.

బీమా సంస్థల వైపు కూడా ఒక సమాధానం ఉందని నాకు తెలుసు. ఇద్దరు కూడబలుక్కుని లేని ప్రమాదాన్ని సృష్టించి ఎదుటి పాలసీ నుంచి డబ్బు లాగే ప్రమాదం ఉంటుంది. కూడలిలో పక్కల నుంచి గుద్దుకున్నప్పుడు తప్పు ఎవరిదో కౌంటర్‌లో కూర్చుని తేల్చడం సాధ్యం కాదు. రెండూ నిజమే. అందుకే తగాదా ఉన్న కేసులను ట్రైబ్యునల్‌కే వదిలేద్దాం. ఆగి ఉన్న వాహనాన్ని వెనుక నుంచి గుద్దినప్పుడు, గుద్దినవారు తప్పు ఒప్పుకుని రాసి ఇచ్చినప్పుడు, నష్టాన్ని లైసెన్సు ఉన్న సర్వేయర్ చూసి లెక్కగట్టినప్పుడు ఇక తేల్చాల్సింది ఏముంటుంది? అలాంటి క్లెయిమ్‌లకైనా సొంత పాలసీదారుకు పెట్టిన 24 గంటలు, 15 రోజులు, 7 రోజుల గడువులనే ఐఆర్‌డీఏఐ వర్తింపజేయాలి. సర్వేయర్ నివేదికలో ఎదుటి వాహనానిదే తప్పని తేలినప్పుడు, సొంత పాలసీని వాడుకున్నంత మాత్రాన నో క్లెయిమ్ బోనస్ పోకుండా చూడాలి. అంబుడ్స్‌మన్ నిబంధనల్లో మూడో పక్షానికి కూడా చోటు కల్పించాలి. ఇవన్నీ జరగడానికి సమయం పడుతుందనుకుంటే, రేపటి నుంచే చేయగల పని ఒకటి ఉంది. ప్రతి మోటారు పాలసీ సర్టిఫికెట్ మీద, 149వ సెక్షన్ కింద మూడో పక్షం క్లెయిమ్‌లు స్వీకరించే అధికారి హోదా, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్ అచ్చు వేయాలి. గుద్దిన వ్యక్తి పాలసీ కాగితాన్ని ఫొటో తీసుకున్న మరుక్షణం, ఎవరికి రాయాలో గుద్దించుకున్న మనిషికి తెలుస్తుంది.

నన్ను గుద్దిన కారు బీమా సంస్థకు 149వ సెక్షన్‌ను ఉదహరిస్తూ, బిల్లులు, సర్వేయర్ నివేదిక, జనరల్ డైరీ నకలు జతచేసి, నాకు అందని రూ. 15,100 కోసం పంపిన నోటీసు చేరి 34 రోజులైంది. జవాబు రాలేదు. ఆరు నెలల గడువులో ఇంకా ఆరు వారాలు మిగిలి ఉన్నాయి. నోటీసు పంపిన సంగతి చెబితే, ఆ కారు నడిపిన యువకుడు తన పాలసీ నకలును, తప్పు తనదేనని సంతకం చేసిన కాగితాన్ని తనంతట తానే తెచ్చి ఇచ్చాడు. ఆ రెండింటితో ఈ నెలాఖరులోగా ట్రైబ్యునల్‌లో దరఖాస్తు వేస్తున్నాను.

భవదీయుడు,
ఒక కారు యజమాని